ఫీజు ఒక సీసా నీళ్ళు

మా కాలేజీ ప్రిన్సిపాలుగారు పోయారు. పోయిన నెలలో, పాలకొల్లులో, చెల్లెలుగారింట్లో మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు ఒరుగుతానని మంచమెక్కిన మనిషి మళ్ళీ లేవలేదట. ఆ చెల్లెలుగారి అబ్బాయి కువైట్‌లో నేను పనిచేసే ఆఫీసుకి ఫోన్ చేశాడు. "పెద్దమ్మ పోయిందండి. నాకేమన్నా అయితే రిజిస్ట్రారుకి చెప్పండ్రా అనేది. ఆ రిజిస్ట్రారు మీరేనాండి?" అన్నాడు.

నేనేనన్నాను. పక్క బల్ల దగ్గర కూర్చునే మలయాళీ మిత్రుడు తలెత్తి చూశాడు. ఇన్వాయిస్‌లు టైపు చేసుకునేవాణ్ణి, నేనెప్పుడు రిజిస్ట్రారునయ్యానో అతనికి తెలియదు. ఆ వేళ అతనికి చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా కాలేజీ పేరు మీరు విని ఉండరు. విన్నవాళ్ళు ఈ భూమ్మీద బహు తక్కువమంది. వాళ్ళలో ఒకరు ఈజిప్టు దేశస్థుడైన వాచ్‌మన్, ఇంకొకరు ఇరాక్ సైన్యంలో ఒక అధికారి. ఆ రెండో పెద్దమనిషి ఒక ఉదయం మా కాలేజీని తనిఖీ చేశారు కూడా. ఏ యూనివర్సిటీ వాళ్ళూ అంత శ్రద్ధగా తనిఖీ చేసి ఉండరని నేను పూచీకత్తు ఇవ్వగలను.

మా ప్రిన్సిపాలుగారిని మేమందరం టీచరమ్మగారు అనేవాళ్ళం. కువైట్ సిటీలో షర్క్ అనే పేటలో చేపల మార్కెట్టు వెనక పాత నాలుగంతస్తుల బిల్డింగు మాది. పై అంతస్తులో ఒక గదిలో ఆవిడ, కింద అంతస్తులో ఒక గదిలో నలుగురు బ్రహ్మచారులతో కలిసి నేను. ఇండియన్ స్కూల్లో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరై, పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. పమిట చెంగున ఎప్పుడూ రెండు సుద్దముక్కలు ముడేసి ఉండేవి. మెట్ల మీద ఎవరితో మాట్లాడుతున్నా చెయ్యి ఆ ముడి మీదే ఉండేది. ఏ క్షణాన ఏ గోడ మీద ఏం రాయాల్సి వస్తుందోనని.

నేను కోనసీమ నుంచి బీకాం పట్టా పుచ్చుకుని దిగినవాణ్ణి. మొదటి పరిచయంలోనే ఆవిడ నన్ను రెండు వాక్యాలు ఇంగ్లీషులో మాట్లాడమని, విని, "పట్టా ఎక్కడో పడుంటుంది, వెతుకుదాంలే" అన్నారు. ఆ వారం నుంచి ప్రతి శుక్రవారం పొద్దున్న ఆవిడ గదిలో ఇడ్లీలూ, ఇంగ్లీషూ. ఇడ్లీలు మెత్తగా ఉండేవి.

వీటితోపాటు పచ్చడిలా వడ్డించేది ఒకటుండేది. అది ఆవిడ చదివిన అమెరికా కాలేజీ చరిత్ర.

ఆవిడ వయసులో ఉన్నప్పుడు మిషన్ వాళ్ళు రెండేళ్ళ చదువుకి అక్కడికి పంపారు. అదేదో పెద్ద పేరున్న చోటు అనుకునేరు. జొన్నచేల మధ్య ఒక చర్చి, ఆ చర్చి వాళ్ళు పెట్టుకున్న చిన్న కాలేజీ. ఆ ఊళ్ళో మనుషుల కంటే పశువులు ఎక్కువట. ఆ కాలేజీ పుట్టుపూర్వోత్తరాలు అక్కడ చేరిన ప్రతివాళ్ళకీ మొదటి వారంలోనే చెబుతారట. మిగతావాళ్ళు పరీక్ష రాసి మర్చిపోతారు. ఈవిడ మర్చిపోలేదు. పైగా ఆ చరిత్రలోని మనుషులందర్నీ పక్కింటి వాళ్ళ మాదిరిగా చెప్పుకొచ్చేవారు. "మా పాస్టరుగారికి కోపం ఎక్కువే గానీ మనసు వెన్న." "పాస్టరుగారి భార్యకీ ఆ వయొలిన్ వాయించే ఆవిడకీ పడేది కాదు." ఇలా. చాలాకాలం ఆ పాస్టరుగారు పాలకొల్లులో ఉన్నారనీ, ఆరోగ్యం ఎలా ఉందో అడగడం మర్యాదనీ అనుకున్నాను. ఒకరోజు అడిగాను కూడా. ఆయన పోయి వందేళ్ళు దాటిందని తెలిసి కాస్త బాధపడ్డాను.

కథ ఇదీ. ఎక్కడినుంచో వలస వచ్చిన రైతులు. డబ్బు లేదు. పిల్లలకి చదువు చెప్పే పంతుళ్ళు కావాలి. పాస్టరుగారు చర్చి కింద నేలమాళిగలో అయిదారుగురు కుర్రాళ్ళని కూర్చోబెట్టి కాలేజీ అన్నారు. పైన పాటలు పాడుతుంటే కింద సిరాబుడ్లలో దుమ్ము రాలుతుండేదట. గడ్డకట్టే చలి. అందుకని ఫీజు డబ్బు కాదు, రోజుకి ఒక కట్టె. పొయ్యిలో వేయడానికి. కట్టె తెచ్చినవాళ్ళు పొయ్యి పక్కన కూర్చుంటారు, తేనివాళ్ళు తలుపు పక్కన. వెళ్ళిపొమ్మని ఎవర్నీ అనరు. ఇంకొక నియమం. ఏ కట్టె ముందొస్తే అదే ముందు కాలాలి. ధనవంతుడు తెచ్చిన ఎండు కట్టె అయినా, బీదవాడు తెచ్చిన పచ్చి కట్టె అయినా దాని వంతు వచ్చినప్పుడే పొయ్యిలోకి.

"పచ్చి కట్టెకి పొగ వస్తుంది కదండి?" అన్నాను ఒకసారి.

"వస్తుంది. అందరూ దగ్గుతారు. పక్కవాడి కష్టం ఎలా ఉంటుందో తెలవాలంటే కాస్త దగ్గాలి మరి."

మూడో ఏడు కట్టుకున్న కొత్త చెక్క భవనం కాలిపోయింది. ఇక మూసేద్దామన్నారు ఊరి పెద్దలు. పాస్టరుగారు ఏమీ వాదించలేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ చర్చి కింద గంట కొట్టారు. పిల్లలు తలొక కట్టె పట్టుకుని వచ్చేశారు. మొదటి పట్టా ఒకే ఒక్కరికి ఇచ్చారు. ఆ ఒక్కరి కోసం ఊరంతా బెంచీలు మోసుకొచ్చి కూర్చుంది. ఇప్పటికీ ఏడాదికొకసారి అక్కడి పిల్లలంతా ఒక్కొక్క కట్టె తీసుకెళ్ళి చర్చి ముందు పెడతారట. టీచరమ్మగారు కూడా చీరకట్టుతో, కాన్వాసు బూట్లతో, మంచులో కట్టె మోసుకుంటూ వెళ్ళారు. ఆ ఫోటో చూపించేవారు. అందులో మంచూ కట్టే బాగా పడ్డాయి, ఆవిడ మొహం పడలేదు.

ఇదంతా నేను నోరు మూసుకుని విన్నానంటే మీరు నమ్మరు. ప్రతి కట్టెకీ ఒక జోకు వేశాను. ఆవిడ నవ్వేవారు. నవ్వి, చెప్పడం ఆపకుండా చెప్పేవారు.

తర్వాత ఆగస్టు వచ్చింది. ఒక ఉదయం లేచేసరికి వీధుల్లో ఇరాక్ సైన్యం, కువైట్ ఇంకొకళ్ళదైపోయింది.

ఆ రోజులు మీలో చాలామందికి తెలుసు, వర్ణించను. మా బిల్డింగు మట్టుకు చెబుతాను. ఆఫీసులు లేవు, స్కూళ్ళు లేవు. మాకు వీసాలిచ్చిన కఫీళ్ళు సౌదీకి పోయారు. మగవాళ్ళు మెట్ల మీద కూర్చుని రేడియోలు తిప్పడం, ఆడవాళ్ళు బియ్యం డబ్బాల మూతలు తీసి చూసి మళ్ళీ పెట్టడం. పిల్లలు ఏడిస్తే కొట్టడం, కొట్టినందుకు మనం ఏడవడం. రెండో అంతస్తులో రాయచోటి నుంచి వచ్చిన భాయ్ ఉండేవాడు. షువైఖ్ అనే పేటలో ఒక గ్యారేజీలో మెకానిక్. యాభైకి దగ్గర పడ్డ మనిషి. ఆయన చేతులకి పని లేక, రోజూ తన కారు ఇంజన్ విప్పి మళ్ళీ బిగించేవాడు. ఇంకొక అక్క. కడప వైపు ఆవిడ. పనిచేసే ఇంటి యజమానులు, ఆవిడ మాటల్లో మామా, బాబా, తమ పిల్లల్ని కారులో వేసుకుని సరిహద్దు దాటారు, కారులో ఈవిడకి చోటు లేదు. పాస్‌పోర్టు ఆ ఇంట్లో బీరువాలో. భాయ్‌కి దూరపు బంధువు కాబట్టి మా బిల్డింగుకి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి గోడకి ఆనుకుని, మాట్లాడకుండా, అలా కూర్చునే ఉండేది.

అలాంటప్పుడు ఒక పొద్దున్న మెట్ల మీద గంట వినపడింది. గంట అంటే గంట కాదు. టీచరమ్మగారు స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడుతూ పై అంతస్తు నుంచి కిందికి దిగుతున్నారు.

"కింద సెల్లారులో కాలేజీ. పెద్దా చిన్నా అందరూ రావాలి. ఫీజు రోజుకి ఒక సీసా నీళ్ళు. తేలేనివాళ్ళు తలుపు దగ్గర కూర్చోవచ్చు."

భాయ్ ఇంజన్ మీంచి తలెత్తి, "టీచరమ్మా, బయట తుపాకులు మోగతాండాయి. నువ్వు కాలేజీ అంటాండావు. మమ్మల్ని గూడా అఆలు దిద్దమంటావా యేంది?" అన్నాడు.

"మీకు అఆలు వచ్చా భాయ్ గారూ?"

"ఉర్దూ వస్తాది."

"అయితే అది మాకు చెప్పండి. మీరూ ఒక మాస్టారే."

పాపం భాయ్. జీవితంలో ఎవరూ ఆయన్ని మాస్టారనలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

సెల్లారు ఒక బట్టల వ్యాపారి గోడౌను. ఆయన సరుకు తరలించుకుపోయాడు, ఖాళీ అట్టపెట్టెలు మిగిలాయి. వాటిమీద కూర్చున్నాం. పైన, రోడ్డు మట్టానికి ఒక సన్నటి కిటికీ. అందులోంచి నడిచేవాళ్ళ పాదాలు మాత్రమే కనిపిస్తాయి. ఎక్కువగా బూట్లే కనిపించేవి ఆ రోజుల్లో. సీసాలు గోడవారన వరసగా పెట్టాం. కోలా సీసాలు, జ్యూసు సీసాలు, వెనిగర్ సీసాలు, పచ్చడి జాడీలు. ముందొచ్చింది ముందు, వెనకొచ్చింది వెనక. వరస తప్పితే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. ఆ వారంలోనే బిల్డింగు మోటారు చెడిపోయింది, విడిభాగానికి షువైఖ్‌లో తెరిచిన దుకాణం లేదు. పై ట్యాంకు ఎండిపోయింది. ఎక్కడెక్కడి నుంచో పట్టి తెచ్చిన ఫీజే తాగి బతికాం. మేం బ్రహ్మచారులం సహజంగానే సీసా తేవడానికి బద్ధకించి తలుపు పక్కన స్థిరపడ్డాం. ఎవరు తెచ్చారో తేలేదో చెప్పే బాధ్యత కూడా, ఎలాగూ తలుపు దగ్గరే ఉన్నాను కాబట్టి, నాకు అప్పగించారు. రిజిస్ట్రారు పదవి అలా వచ్చింది. ఎగ్గొట్టేవాణ్ణే వసూలుకి పెట్టిన ఏకైక విద్యాసంస్థ మాది.

పొద్దున లెక్కలు, తర్వాత ఇంగ్లీషు, భాయ్ ఉర్దూ. చివర పాస్టరుగారి కథలో ఒక ముక్క. పిల్లలు ఆ కథ కోసం ఆగేవారు. పెద్దవాళ్ళు, ఆగనట్టు నటిస్తూ ఆగేవారు. కాలేజీ కాలిపోయిన రోజు కథ చెప్పినప్పుడు అక్క మొదటిసారి నోరు తెరిచింది.

"కాలిపోయినాక మళ్ళీ యాడ పెట్టినారు టీచరమ్మా?"

"ముందు పెట్టిన చోటే. చర్చి కింద. ఇదిగో, ఇలాంటి గదిలోనే."

అక్క గది నాలుగు వైపులా చూసింది. మర్నాడు వెనిగర్ సీసాలో నీళ్ళు పట్టుకుని పొయ్యి పక్కకి, అంటే బల్ల పక్కకి, వచ్చి కూర్చుంది. "నాకు పేరు రాయడం చెప్పు" అంది.

ఎవరైనా భయపడి ఏడిస్తే టీచరమ్మగారు వద్దనేవారు కాదు. "ఏడవండి, ఇంటర్వెల్లో" అనేవారు. పైన తుపాకీ మోగి అక్క అక్షరం వంకరపోతే, "భయపడమ్మా, ఫరవాలేదు. భయపడుతూనే సున్నా గుండ్రంగా చుట్టు" అనేవారు. నేను తర్వాత జీవితంలో చాలా సందర్భాల్లో భయపడుతూ సున్నాలు చుట్టాను. ఆ సలహాకి ఆవిడకి రుణపడి ఉన్నాను.

ఈ మొత్తానికి 'అమెరికా కాలేజీ' అని పేరు పడిపోయింది. ఫలానావాళ్ళు పెట్టారని కాదు. "యల్లా, అమెరికా కాలేజీకి పోదాం పాండి" అని భాయ్ కేకేసేవాడు, పిల్లలు అందుకునేవారు. మా వాచ్‌మన్, ఇక్కడి మాటల్లో హారిస్, చాలా నిజాయితీపరుడు. రోజూ వినేవాడు. ఆ పేరుకి ఇంకొక అర్థం ఉంటుందని మాకెవరికీ తోచలేదు. తోచి ఉండాల్సింది. ఊళ్ళో అప్పటికే అమెరికన్ల కోసం ఇల్లిల్లూ గాలిస్తున్నారు. దాచినవాళ్ళకి ఉరి అని రేడియోలో చెబుతున్నారు.

ఒక ఉదయం జీపు ఆగింది. కిటికీలో బూట్లు ఆగాయి. బిల్డింగులో అమెరికన్లు ఉన్నారా అని అధికారి హారిస్‌ని అడిగాడు. మనుషులు లేరు సార్ అన్నాడు హారిస్. నిజమే కదా. తర్వాత, నిజం సగం చెప్పకూడదని కాబోలు, కింద ఒక అమెరికా కాలేజీ మాత్రం ఉంది అన్నాడు.

అధికారి మెట్లు దిగేసరికి మేం పంతొమ్మిదో ఎక్కంలో ఉన్నాం. వెనక ఇద్దరు సైనికులు. ఎక్కం ఆగిపోయింది. ఆగిందని టీచరమ్మగారు వెనక్కి తిరిగి చూశారు.

అధికారి అరబీలో ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడ్రా?"

"అమెరికావాళ్ళు ఎక్కడ అంటున్నాడండి."

"ఎవరూ లేరని చెప్పు. మా పాస్టరుగారి సంగతి చెప్పుకుంటాం గానీ, ఆయన పోయి వందేళ్ళయిందని చెప్పు."

నా అరబీ ఆఫీసులో టీ తెప్పించుకోవడానికీ, నివాస పత్రం ఇఖామా మీద ముద్ర వేయించుకోవడానికీ సరిపోయే అరబీ. వందేళ్ళు అనడం రాలేదు. "అమ్రీకీ మాఫీ. వాహిద్ మౌత్" అన్నాను. అమెరికన్లు లేరు, ఒకడు చచ్చాడు అని. అధికారి కళ్ళు పెద్దవయ్యాయి. శవం ఎక్కడ అన్నాడు.

సెల్లారంతా వెతికారు. పెట్టెలు తన్నారు. చివరికి గోడవారన సీసాల వరస కనపడింది. అప్పుడు ఆ మనిషి మొహం మారింది. ఊళ్ళో సైనికుల లారీల మీద పెట్రోలు సీసాలు పడుతున్న రోజులవి. నేలమాళిగలో, చీకట్లో, అన్ని సీసాలు మూతలు బిగించి వరసగా ఎందుకుంటాయి? సైనికుడు ఒకడు ముందున్న సీసా మూత తీసి వాసన చూసి, నీళ్ళు అన్నాడు. అధికారి తెలివైనవాడు. ముందు నీళ్ళు పెట్టి వెనక ఇంకొకటి పెట్టొచ్చు. వేలు చాపి, వరసలో అన్నిటికంటే చివరి సీసా చూపించి, అది తాగి చూపించు అన్నాడు.

నా పక్కనున్న భాయ్ వంగాడు. నా చెవిలో, "అది నాదే అప్పా. పొద్దున గ్యారేజీ నుంచి తెచ్చినా. దాంట్లో పెట్రోలు పోసేటోళ్ళం. మూడుసార్లు కడిగినా, వాసన పోలే" అన్నాడు.

అందులో ఉన్నది నీళ్ళే. కానీ మూత తీస్తే వచ్చేది ఏ వాసనో మీకు అర్థమైంది కదా. ఆ వాసనకి ఆ రోజుల్లో విచారణ ఉండదు.

టీచరమ్మగారు ఆ సీసా వైపు చూశారు. అధికారి వైపు చూశారు. "దాని వంతు ఇంకా రాలేదని చెప్పు" అన్నారు.

"అమ్మా," అన్నాను.

"మా దగ్గర ముందొచ్చింది ముందు. అదే కావాలంటే దాని వంతు వచ్చేదాకా ఆగాలి. చెప్పరా."

నేను చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. ఆవిడ వెళ్ళి మొదటి సీసా తీసి, గడగడా తాగి, బోర్లించి నేల మీద పెట్టారు. రెండోది తీశారు. తాగారు. మూడోది. అధికారి ఏదో అరిచాడు. ఆవిడ చెయ్యి పైకెత్తి, క్లాసులో మధ్యలో మాట్లాడిన కుర్రాణ్ణి ఆపినట్టు ఆపి, నాలుగోది తీశారు. అందులో సగానికి వచ్చేసరికి దమ్ము అందలేదు. అరవై దాటిన మనిషి. సీసా పట్టుకున్న చెయ్యి దిగిపోతోంది.

అక్క లేచింది. టీచరమ్మగారి చేతిలో సీసా తీసుకుని మిగతాది తాగింది. తర్వాతది తనే తీసింది. ఆ తర్వాత పైఇంటి పిల్లల తల్లి లేచింది. ఆ తర్వాత నేను. ఒక్కొక్కళ్ళం వెళ్ళడం, వంతు వచ్చిన సీసా తీయడం, తాగడం, బోర్లించి పెట్టి వచ్చి కూర్చోవడం. చర్చిలో ప్రసాదం తీసుకున్నంత గంభీరంగా జరిగింది. నేను ఇంతవరకూ ఏ విషయంలోనూ అంత నెమ్మదిగా వ్యవహరించి ఎరగను. చిన్న చిన్న గుక్కలు తాగాను. వరస చివర ఆ సీసా మా వైపే చూస్తున్నట్టుంది. భాయ్ లేచి, ఒక జాడీ పట్టుకుని, అందులో సముద్రం ఉన్నట్టు ఎంతసేపటికీ దించలేదు.

అధికారి మొదట గడియారం చూసుకున్నాడు. తర్వాత నుదురు తుడుచుకున్నాడు. పైన జీపు హారను రెండుసార్లు మోగింది. ఇంకా ఒక పది సీసాలుంటాయి. మా వైపు, బోర్లించిన సీసాల వైపు, తాగుతూనే ఉన్న భాయ్ వైపు చూసి, పిచ్చివాళ్ళని వదిలేసినట్టు చెయ్యి విసిరి, "ఖలాస్" అన్నాడు. మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

సైనికుల్లో ఒకడు వెనకబడ్డాడు. మీసం సరిగా రాలేదు ఇంకా. ఎండలో పెదాలు పగిలి ఉన్నాయి. అంతమంది నీళ్ళు తాగుతుంటే చూస్తూ నిలబడ్డ మనిషి. టీచరమ్మగారు తర్వాత వంతు సీసా తీసి చేతికిచ్చారు. మొత్తం తాగాడు. జేబులు తడుముకుని, ఏమీ లేదన్నట్టు చేతులు చూపించాడు.

"ఏం ఫరవాలేదు, ఫీజు తేనివాళ్ళు తలుపు దగ్గర కూర్చుంటారని చెప్పు."

నాకొచ్చిన అరబీలో, చేతులతో కలిపి, సీసా సంగతీ తలుపు సంగతీ చెప్పాను. వాడు ఒక్క క్షణం నా చోటులో, తలుపు పక్క అట్టపెట్టె మీద కూర్చున్నాడు. కూర్చుని ఎక్కం రాసి ఉన్న గోడ చూశాడు. హారను మళ్ళీ మోగింది. లేచి పరిగెత్తాడు.

వాళ్ళు పోయాక, అందరం ఒకేసారి నేల మీద కూలబడ్డాక, భాయ్ అన్నాడు. "ఈయమ్మకి ఏమీ తెలీదు గాబట్టి బతికినాం. తెలిసుంటే భయపడి అందరం దొరికిపోయేవాళ్ళం."

టీచరమ్మగారు బల్ల పట్టుకుని నిలబడి ఉన్నారు. "పొద్దున మీ ఫీజు తీసుకుని అక్కడ పెట్టింది నేనే కదా భాయ్ గారూ. నాకు ముక్కు లేదా?"

"మరి ఎందుకు తీసుకుంటివి?"

"ఫీజు వాసన చూసి తీసుకోరు," అన్నారు. తర్వాత, "పంతొమ్మిది ఎనిమిదులు ఎంత?" అని అడిగారు. అందరం కాళ్ళు దగ్గరగా ముడుచుకుని కూర్చున్నాం. "సరే, ముందు అందరూ వెళ్ళి రండి. అన్ని నీళ్ళు తాగారు" అన్నారు. ఆ రోజు కాలేజీ మొదటిసారి తొందరగా వదిలారు.

మర్నాడు భయానికి ఎవరం నీళ్ళ కోసం బయటికి వెళ్ళలేదు. క్లాసు జరుగుతుండగా ఒక జత బూట్లు కిటికీ దగ్గర ఆగాయి. మెట్ల మీద అడుగులు. ఆ కుర్రవాడే, ఒక్కడే. తుపాకీ భుజానికి ఉంది. ఎవరం కదల్లేదు. వాడు నడుముకి కట్టుకునే నీళ్ళ బుడ్డి విప్పి, వరస ఎక్కడ అయిపోయిందో చూసుకుని, భాయ్ సీసా పక్కన పెట్టాడు. "రుసూమ్" అన్నాడు. ఫీజు అని. వచ్చిన దారినే పోయాడు. మళ్ళీ కనపడలేదు.

"ఊరంతా ఊడ్చుకోని పోయినారు," అన్నాడు భాయ్. "ఈడెవడో ఎదురిచ్చిపోతాండాడు."

నా రికార్డుల ప్రకారం ఆ సైన్యం మొత్తంలో మా కాలేజీకి ఫీజు కట్టినవాడు ఆ ఒక్కడే.

ఇంకొక ఫీజు రాకముందే బస్సులు దొరికాయి. బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కి. అక్కకి పాస్‌పోర్టు లేకపోయినా ఎంబసీ వాళ్ళు కాగితం ఇస్తారని కబురొచ్చింది. బయల్దేరే ముందురోజు టీచరమ్మగారు పట్టాల పండగ పెట్టారు. పట్టా పుచ్చుకునేది అక్క ఒక్కతే. బిల్డింగులో ఉన్న కుర్చీలన్నీ కిందికి మోయించారు. ఒక్కరి కోసం. అక్క లేచి నిలబడి గట్టిగా చదవాలి. చదవడానికి తెలుగు కాగితం దొరకలేదు. చివరికి ఊరి నుంచి ఊరగాయ జాడీకి చుట్టి వచ్చిన దినపత్రిక ముక్క విప్పారు. నూనె మరకల మధ్య మిరపకాయల మార్కెట్టు ధరలు. అక్క ఒక్కొక్క రకం, ఒక్కొక్క ధర, వేలు పెట్టి చదివింది. చివరి ధర చదివాక ఆ కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. మేం చప్పట్లు కొట్టాం. టీచరమ్మగారు ఆ ఒక్కసారే ఇంటర్వెల్ కాని సమయంలో ఏడ్చారు.

సీసాలు తీసుకెళ్ళడానికి వీల్లేదు. ప్రయాణానికి అవసరమైనవి వరస ప్రకారం తీసుకుని డబ్బాల్లో పోసుకున్నాం. భాయ్ సీసా దగ్గరికి వచ్చేసరికి డబ్బాలు నిండాయి. దాన్ని భాయ్ తీసుకెళ్ళి మురుగులో పారబోసి వచ్చాడు, ఇంక ఎవరికీ ఆ వాసన చూపించే ధైర్యం లేదంటూ. నీళ్ళ బుడ్డి వంతు రాకుండానే మిగిలింది. "ఉండనివ్వండి," అన్నారు టీచరమ్మగారు. "వంతు వస్తుంది."

జోర్డాన్ సరిహద్దు ఎడారిలో గుడారాల్లో ఉన్న రోజుల్లోనూ పొద్దున్నే పళ్ళెం మోగింది. అక్కడ మా కాలేజీలో ఊరూ పేరూ తెలియని చాలామంది చేరారు. బొంబాయిలో విమానం దిగి విడిపోయేటప్పుడు ఆవిడ కాళ్ళకి దండం పెట్టాను. "లెండి రిజిస్ట్రారుగారూ" అన్నారు. పమిట చెంగున సుద్దముక్క ముడి విప్పి చూసుకుని, ఉందని నిశ్చయించుకుని, రైలెక్కారు. అదే ఆఖరి చూపు.

యుద్ధం అయ్యాక నేను మళ్ళీ కువైట్ వచ్చాను. భాయ్ నాకంటే ముందే వచ్చాడు. అక్కకి ఇంకొక ఇంట్లో పని దొరికింది, కొత్త మామా మంచిదట. బిల్డింగు సగం ఖాళీ. పైన నాలుగంతస్తుల్లో గడ్డపారలు పడని తలుపు లేదు. హారిస్ మాత్రం అక్కడే ఉన్నాడు. సెల్లారు తలుపు తీసి చూపించాడు. పెట్టెలు పోయాయి, కుర్చీలు పోయాయి. గోడవారన ఆ నీళ్ళ బుడ్డి ఒక్కటే, మేం పెట్టిన చోటే ఉంది. నువ్వు దాచావా అని అడిగాను. దాచలేదు, కాలేజీ ఫీజు కదా, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు అన్నాడు. చెప్పాను కదా, నిజాయితీపరుడు.

ఫోను వచ్చిన వారం, శుక్రవారం నాడు మేం అక్కడే కలిశాం. ఎవరూ చెప్పుకోలేదు, అయినా ఎవరూ చేతులూపుకుంటూ రాలేదు. భాయ్ కోలా సీసా తెచ్చాడు, ముందే మా అందరికీ వాసన చూపించాడు. అక్క వెనిగర్ సీసా. హారిస్ టీ ఫ్లాస్కు. నేను కూడా, నా జీవితంలో మొదటిసారి, ఫీజు తెచ్చాను. తెచ్చి, అలవాటు చొప్పున తలుపు పక్కకే వెళ్ళి కూర్చున్నాను.

"సీసా తెచ్చినావు కదప్పా, లోపలికి రా," అన్నాడు భాయ్.

"ఇక్కడే బాగుంది," అన్నాను. బాగుంది కూడా. అక్కణ్ణుంచి అందరూ కనిపిస్తారు. అందరి వెనకా ఆవిడ నిలబడే చోటు కనిపిస్తుంది. గోడ మీద పంతొమ్మిదో ఎక్కం సగం చెరిగి, సగం అలాగే ఉంది.

అక్క జాకెట్టులోంచి నూనె మరకల కాగితం తీసింది. ఈసారి వేలు పెట్టకుండా చదివింది. మిరపకాయల ధరలు చదువుతున్నంతసేపూ ఎవరం తల ఎత్తలేదు. చదవడం అయ్యాక భాయ్ ఆ నీళ్ళ బుడ్డి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"నిండుగానే ఉంది," అన్నాడు. మూత మీద చెయ్యి వేసి, తీయకుండా, మళ్ళీ గోడవారన పెట్టాడు. మా సీసాలు దాని పక్కన, ఎవరు ముందొచ్చారో అలా పెట్టుకుంటూ వచ్చాం. పైన సన్నటి కిటికీలో చేపల మార్కెట్టుకి వెళ్ళేవాళ్ళ చెప్పులు నడుస్తున్నాయి. ఆ చెప్పుల మధ్యలోంచి పడే ఎండ ఒక్కొక్క సీసా మీదుగా జరిగి, వరస మొదట్లో ఉన్న ఆ బుడ్డి మీద ఆగింది. ఇప్పుడు దాని వంతే.